ఖాళీ గడిలోకి జారిన పేరు

మీరిప్పుడు ఒక్క మీట నొక్కి చేసే పనిని నేను పంతొమ్మిది పనిదినాల్లో చేశాను. చేసి, ఒక మనిషిని దాదాపు గేటు బయట నిలబెట్టాను. కాబట్టి ఈ విషయం మీద చిన్నవాళ్లకు బుద్ధులు చెప్పే అర్హత నాకు పూర్తిగా ఉంది.

పని పేరు వింటే మీకు నవ్వొస్తుంది. అడ్డంగా పరిచిన షీటును నిలువుగా మార్చడం, అంతే. తేదీలు పక్కపక్కన ముప్పై ఒక్క కాలమ్‌లుగా ఉంటే మనిషి కంటికి బాగుంటుంది గానీ, కంప్యూటరుకు లెక్క తెగదు. అందుకని ఒక్కో సంగతికి ఒక్కో వరుస వచ్చేలా మొత్తం విప్పి, ఒకదాని కింద ఒకటి పేర్చాలి. చీరను కొంగుదాకా విప్పి మళ్లీ మడత పెట్టడం లాంటిది. ఆ మడతల పని నాకు తెలుసు, నా ఉద్యోగం మొదలైందే బట్టల మడతలతో.

సూరత్‌లో పాండేసర దగ్గర ఒక రంగుల మిల్లు మాది. నేసి వచ్చిన తెల్లబట్టకు అక్కడ రంగు వేస్తారు. లింబాయత్ నుంచి షేర్ ఆటోలో వెళ్లి, మొదట మడతల విభాగంలో నిలబడి పని చేశాను. మున్సిపాలిటీ వారి తెలుగు బడిలో నేర్చిన నాలుగు అక్షరాలు, తర్వాత చదివిన గుజరాతీ కలిసి నన్ను కుర్చీలోకి తెచ్చాయి. మిల్లుకు కంప్యూటరు వచ్చినప్పుడు మగవాళ్లంతా దాని చుట్టూ నిలబడి గొప్పగా మాట్లాడారు గానీ ఎవరూ చేయి పెట్టలేదు. పాడైతే ఎవరి మీదకు వస్తుందోనని భయం. చివరికి, పాడైనా తిట్టడానికి వీలుగా ఉంటుందని నన్ను కూర్చోబెట్టారు. కొన్నేళ్లకు నా గుర్తింపు కార్డు మీద ‘ఇన్‌చార్జ్’ అని రాశారు. నా కింద ఎవరూ లేరు. నాకు నేనే ఇన్‌చార్జిని.

ఇక షీటు సంగతి. దాన్ని తయారు చేసేవాడు మా షిఫ్టు సూపర్‌వైజరు. మంచివాడే, కాకపోతే పుట్టాల్సింది ముగ్గులు వేసే ఇంట్లో. ఎడమవైపు ఆపరేటరు పేరు, పక్కన మిషను నంబరు, ఆపైన నెల పొడుగునా తేదీలు. ఒకేసారి ఒక మిషనులో వేసే బట్టను లాట్ అంటారు. ఆ రోజు వేసిన లాట్ నంబరు గడిలో రాసి, రంగు సరిగ్గా ఎక్కితే ఆకుపచ్చ, తేలిపోతే పసుపు, మళ్లీ రంగు వేయాల్సి వస్తే గులాబీ పూసేవాడు. దూరం నుంచి చూస్తే దీపావళి వాకిలి. పెద్దవాళ్లు వచ్చినప్పుడు ఆ షీటునే గోడ మీద వేసి చూపించేవారు. వాళ్లు తల ఊపేవారు. ఏమి అర్థమై ఊపారో ఎవరూ అడగలేదు.

కంప్యూటరుకు ఈ రంగులేవీ పట్టవు. గడిలో అంకె ఉంటే అంకె చూస్తుంది, అక్షరం ఉంటే అక్షరం చూస్తుంది. మా సూపర్‌వైజరు నెలంతా కష్టపడి వేసిన పసుపూ గులాబీ దానికి ఒకటే.

మా శేఠ్ గారి అబ్బాయి, మేమంతా చిన్న శేఠ్ అనేవాళ్లం, అహ్మదాబాద్‌లో మేనేజ్‌మెంటు చదివి వచ్చాడు. వస్తూ ‘డేటా’ అనే మాటను తెచ్చాడు. ఆ ఏడాది మిల్లులో నీళ్లకంటే ఆ మాటే ఎక్కువ పారింది. మాటతోపాటు ఒక మీటరు కూడా తెచ్చాడు. ఎక్కడో ఎగ్జిబిషనులో చూసి ముచ్చటపడి, తొమ్మిదో నంబరు జెట్ మిషనుకు, అంటే బట్టను వేడి రంగునీళ్లలో తిప్పే దానికి, కొత్త ఉష్ణోగ్రత మీటరు పెట్టించాడు. ఎర్ర అంకెలు వెలుగుతుంటాయి. దానికి కొబ్బరికాయ కొట్టి, అందరికీ పేడాలు పంచారు. నేనూ తిన్నాను.

తర్వాత ఆరు నెలల్లో మళ్లీ రంగు వేయాల్సిన లాట్లు పెరిగాయి. మార్కెట్ నుంచి వ్యాపారులు బట్ట వెనక్కి పంపడం మొదలుపెట్టారు. ఒక రోజు చిన్న శేఠ్ నన్ను పిలిచి, వేలు ఒకటి పైకెత్తి చెప్పాడు.

“బెన్, ముఝే ఏక్ నామ్ చాహియే.”

బెన్ అంటే ఇక్కడ అక్క. ఒక పేరు కావాలట. లాట్లు ఎందుకు పాడవుతున్నాయని ఆయన అడగలేదు. ఎవరు పాడు చేస్తున్నారని అడిగాడు. ఈ రెండింటికీ ఉన్న తేడా నాకు అప్పుడు తట్టలేదు. తట్టి ఉంటే ఇది రాయాల్సిన అవసరం ఉండేది కాదు.

పగటి షిఫ్టు షీట్లు ఆరు నెలలవి నా ముందు పెట్టుకున్నాను. ఒక్కో రంగు గడిని చూసి, పక్కన మాటల్లో రాసుకుని, తేదీలను నిలువుగా దింపి, ఒక్క లాట్‌కు ఒక్క వరుస చేశాను. తేదీ, మిషను, ఆపరేటరు, ఫలితం. మెడ పట్టేసింది. కళ్లు మూసుకుంటే గులాబీ గళ్లే కనబడేవి. ఇంట్లో చపాతీలు కూడా చదరంగా వస్తున్నాయని మా ఆయన అన్నాడు.

మధ్యలో ఒక చిక్కు వచ్చింది. మా దగ్గర ఒక్కో ఆపరేటరు రెండేసి జెట్లు చూసుకుంటాడు. అందుకని సూపర్‌వైజరు రెండు వరుసల గళ్లను కలిపేసి, మధ్యలో అందంగా ఒక్క పేరు రాసేవాడు. ఆ గళ్లను విడదీయగానే పేరు పై వరుసలో మిగిలి, కింది వరుస ఖాళీ అయిపోతుంది. దానికి మందు నాకు తెలుసు. ఖాళీ ఉన్న ప్రతిచోటికీ పైనున్న పేరును దింపేయడమే. దింపేశాను. అన్ని రోజుల పనిలో అదొక్కటే క్షణంలో అయిపోయింది. నా తెలివికి నేనే మురిసి ఒక కప్పు చాయ్ ఎక్కువ తాగాను.

లెక్క వేస్తే పైన తేలిన పేరు ఏడు, ఎనిమిది నంబర్లు నడిపే ముసలాయనది.

ఆయన కరీంనగర్ వైపు నుంచి వచ్చి ముప్పై ఏళ్లుగా జెట్ల దగ్గరే ఉన్నాడు. నన్ను ‘చెల్లె’ అని పిలిచేవాడు. మిషను మూత తీసినప్పుడు వచ్చే ఆవిరి వాసన చూసి రంగు ఎంత ఎక్కిందో చెప్పేవాడు. అలాంటి మనిషి పేరు చూసి నేను ఆశ్చర్యపోయాను. అయినా షీటునే నమ్మాను. ఎద్దు ఈనిందంటే గాటికి కట్టెయ్యమన్నదాన్ని నేనే. పైగా నా పట్టికలో ఆయన మూడు మిషన్లు నడుపుతున్నట్టు ఉంది. ఒక్క మనిషి మూడు జెట్లు ఎలా నడుపుతాడని కూడా ఆలోచించలేదు. మనిషికి రెండే చేతులని షీటులో ఎక్కడా రాసి లేదు మరి.

చిన్న శేఠ్ సంతోషం చూడాలి. నా పట్టికను రంగుల్లో ప్రింటు తీయించి, చాయ్ ఇచ్చే చోట బోర్డుకు అంటించాడు. పైన ‘బాటమ్ పెర్ఫార్మర్’ అని పెద్దక్షరాలు, కింద ముసలాయన పేరు. నెలాఖరుకు ఆయన గేటు పాసు వెనక్కి తీసుకోమని ఆర్డరు. నాకు మాత్రం ఒక పెట్టె ఘారీ మిఠాయి ఇచ్చాడు. నెయ్యి కారే మంచి ఘారీ. రెండు అక్కడే తిన్నాను.

మర్నాడు భోజనాల వేళ ముసలాయన నా గది గుమ్మంలో చెప్పులు విడిచాడు. చంకలో పాలిథిన్ కవరు చుట్టిన లావుపాటి నోటుబుక్కు ఉంది.

“చెల్లె, గా బోర్డు మీద ఉన్నది నీ లెక్కనేనా?”

“నాదే అన్నా. ఆరు నెలల షీట్లు తీసి చేసిన. లెక్క తప్పు పోదు.”

“లెక్క తప్పు పోదు. మరి మనిషి తప్పు పోతడా?”

కుర్చీ చూపించాను. ఆయన కూర్చోలేదు.

“నౌకరి సంగతి తర్వాత. గీ వయసుల నన్ను ఎవలు వెట్టుకుంటరు, గది నాకెరుకనే. గని గా చాయ్ కాడ మా ఊరోళ్లే ఇరవై మంది నిలవడ్తరు. కారీగర్, పనిమంతుడు అని ఇన్నొద్దులు నన్ను విలిచిన్రు. ఇప్పుడు నా పేరు సూసి మొఖం తిప్పుకుంటున్రు. నేనేం ఖరాబ్ జేసిన్నో జర సూపెట్టు. సూసి పోత.”

చూపెట్టాను. ఫెయిలైన లాట్లను వరుసగా తెర మీద దింపుతూ పోయాను. ఆయన ఇంగ్లీషు చదవలేడు గానీ అంకెలు చదవగలడు. నాలుగైదు వరుసలకే వేలు పెట్టి ఆపాడు.

“గిది తొమ్మిది నంబరు.”

“అవునన్నా.”

“నేను తొమ్మిది మీద చెయ్యి గూడ వెట్టలే చెల్లె. ఒక్కనాడు గూడ.”

అని నోటుబుక్కు విప్పాడు. నేను ముందుకు వంగి చూశాను.

ప్రతి లాట్ నుంచీ వేలెడంత గుడ్డ పీలిక కత్తిరించి పిన్ను కొట్టి ఉంది. దాని పక్కనే తెలుగులో తేదీ, మిషను నంబరు, నడిపినవాడి పేరు, చివర ‘పాస్’ లేకపోతే ‘ఫేల్’. ఫేల్ అయితే దాని కింద ‘మల్ల రంగు’ అని, అది బాగా వస్తే మళ్లీ ‘పాస్’. ఒక లాట్‌కు ఒక వరుస. ఎక్కడా కలిపేసిన గడి లేదు, ఖాళీ లేదు. నేను మెడ పట్టేలా పంతొమ్మిది రోజులు కూర్చుని చేసిన పనిని ఆయన ముప్పై ఏళ్లుగా ఏ రోజుది ఆ రోజు, నిలబడి చేస్తున్నాడు. పని నేర్చుకునే రోజుల్లో ఆయన ఉస్తాదు ఒక చెంపదెబ్బతో నేర్పిన అలవాటట. నాకూ అలాంటి ఉస్తాదు దొరికి ఉంటే బాగుండేది.

ఆ పుస్తకంలో ఏడు, ఎనిమిది ఎదురుగా ఆయన పేరే ఉంది. తొమ్మిది ఎదురుగా మాత్రం వేరే పేర్లు. ఒడియా పేర్లు, బిహారీ పేర్లు, రెండు మన తెలుగు పేర్లు.

“వీళ్లెవరన్నా?”

“బద్లీలు. పొద్దుగాల నాకా చౌరస్తా మీదికెల్లి దినకూలికి తీస్కొస్తరు గద. తొమ్మిది వాళ్లకే ఇస్తరు. నా పక్క మిషనే. చాచా, రంగు సరిగుందా అని అడుగుతరు. సూసి పీలిక కోసి రాస్త.”

“మరి మనోళ్లు ఎవరూ నడపరా తొమ్మిదిని?”

“గా మీటర్ వెట్టినంక ఎవలు పోతరు? అది నూట ముప్పై సూపెడ్తది. లోపల గంత వేడి ఉండది. రంగు వట్టది. పీలిక సూడు, ఎట్ల ఎలిసినట్టున్నదో.”

“సూపర్‌వైజరుకు చెప్పలేదా?”

“జెప్పిన. చిన్న శేఠ్ మీటర్, నోరు మూస్కో అన్నడు. మూస్కున్న.”

ఆయన వెళ్లాక పాత షీటు తెరిచాను. తొమ్మిదో నంబరు ఎదురుగా ఆపరేటరు గడి తెల్లగా ఉంది. కలిపేసిన గడి కాదు, విడిగా ఉన్న గడే. ఆరు నెలలూ అలాగే ఉంది. దానికి సరిగ్గా పైన ముసలాయన పేరు. నేను దింపిన పేరు ఎనిమిది దగ్గర ఆగకుండా తొమ్మిదిలోకి జారింది. ఎవరి పేరూ లేని లాట్లన్నీ వెళ్లి ఆయన నెత్తిన పడ్డాయి.

సూపర్‌వైజరును పట్టుకున్నాను. తాపీగా చాయ్ సాసర్‌లో పోసుకుని ఊదుతున్నాడు.

“అది బద్లీది బెన్. బద్లీకి పేరు రాయం కదా.”

“ఎందుకు రాయరు?”

“పేరు రాస్తే రేపు కార్డు అడుగుతాడు. కార్డు ఇస్తే మనిషైపోతాడు. ఖాళీ వదలడం ఇక్కడ మొదటినుంచీ ఉన్న పద్ధతే.”

“నేను పేర్లు దింపుతుంటే నువ్వు పక్కనే ఉన్నావు. చెప్పొచ్చుగా?”

“మీరు అడగలేదుగా.”

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. సూపర్‌వైజరు అమ్మ కూడా కాదు. తప్పు నాదే. షీటుకు రంగులు వేసిన మనిషి మూడు బల్లల అవతల కూర్చుని ఉంటే, ఆ ఖాళీ ఏమిటని ఒక్క మాట అడగకుండా పంతొమ్మిది రోజులు తెరతో కాపురం చేశాను.

తర్వాత చేసిన పని ఇప్పుడు చిన్నపిల్లలైనా చేస్తారు. పట్టికలో ఆపరేటరు పేరు తీసేసి, ఆ స్థానంలో మిషను నంబరు పెట్టాను. వరుసలు నిలువుగా పేర్చుకున్నాక అది చిటికెలో పని. తొమ్మిది నంబరు తాటిచెట్టులా లేచింది. మిగతావన్నీ దాని కింద గడ్డిలా ఉన్నాయి. ఆ లెక్క మొదటి రోజే నా చేతిలో ఉంది. ఎవరు అని అడిగారు కాబట్టి ఎవరు అని చెప్పాను. మంచి ఉద్యోగుల లక్షణం అది.

ఇప్పుడు భయం పట్టుకుంది. దాచడం దేనికి, గట్టిగానే పట్టుకుంది. రిటైరుమెంటుకు ఎనిమిది నెలలుంది. నా లెక్క తప్పని ఒప్పుకోవాలి. అంతటితో పోదు, అసలు తప్పు చిన్న శేఠ్ కొబ్బరికాయ కొట్టిన మీటరుదని చెప్పాలి. చెప్పకపోతే నెలాఖరుకు ముసలాయన గేటు బయట ఉంటాడు. ఇంట్లో ఆ ఘారీ పెట్టె ఇంకా సగం ఉంది. ఎవరికీ పెట్టబుద్ధి కాలేదు, పారెయ్యబుద్ధీ కాలేదు.

పెద్ద శేఠ్ సోమవారం సోమవారం మాత్రమే మిల్లుకు వచ్చేవాడు. మిగతా రోజులు ఇంటి మేడ మీద పావురాలకు గింజలు వేసేవాడని చెప్పుకునేవారు. ఆ సోమవారం మీటింగులో చిన్న శేఠ్ నా పట్టికను గోడ మీద వేసి, తండ్రికి డేటా మహిమ వివరిస్తున్నాడు. నేను లేచి నిలబడ్డాను. గుమ్మం దగ్గర ముసలాయన నోటుబుక్కుతో నిలబడి ఉన్నాడు. రమ్మని నేనే చెప్పాను.

“ఆ లెక్క తప్పు,” అన్నాను గుజరాతీలో. “చేసింది నేనే, తప్పు చేసిందీ నేనే. తొమ్మిదో నంబరు బద్లీలు నడిపారు. వాళ్ల పేరు గడిలో లేకపోతే పైనున్న పేరు నేను దింపాను. ఈయన ఆ మిషను ముట్టుకోలేదు.”

చిన్న శేఠ్ ముఖం మాడింది గానీ చదువుకున్నవాడు, వెంటనే తేరుకున్నాడు. ఆయనకు కావాల్సింది ఒక పేరు. ఆ పేరు ఫలానాదే కావాలని పట్టుదలేమీ లేదు.

“సరే, అయితే బద్లీలదే తప్పు. ఆ పుస్తకంలో పేర్లున్నాయంటున్నారుగా. చదవండి బెన్. ఈ రోజే పంపేద్దాం.”

పుస్తకం నా చేతికి వచ్చింది. ఆ గదిలో తెలుగు చదవగలిగింది నేనూ, ముసలాయనా మాత్రమే. పేర్లు చదివితే అందరికీ సుఖం. ముసలాయన బతికిపోతాడు, నేను బతికిపోతాను, మీటరు కూడా బతికిపోతుంది. పోయేది ఏడుగురు బద్లీలు. వాళ్లు ఎలాగూ ఏ గడిలోనూ లేరు. నిజం చెబుతున్నాను, మొదటి పేరు నా నోటిదాకా వచ్చింది.

గుమ్మంలోంచి మెల్లగా వినబడింది.

“చెల్లె, పేర్లు కాదు. నంబర్ సదువు.”

చదివాను. ఫేల్ అని ఉన్న ప్రతి వరుసలోనూ మిషను నంబరు ఒక్కటే చదువుతూ పోయాను. తొమ్మిది. తొమ్మిది. తొమ్మిది. ఎనిమిది. తొమ్మిది. తొమ్మిది. పేజీ తిప్పి మళ్లీ తొమ్మిది. మనుషులు ఏడుగురు మారారు, నంబరు మారలేదు. నాలుగో పేజీకి చిన్న శేఠ్ చాలు అన్నాడు. నేను ఆగలేదు. అప్పటికి నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో కూడా తెలియని కోపం. ఎక్కువ పాలు నా మీదే.

పెద్ద శేఠ్ చేయి చాచి పుస్తకం అడిగాడు. ఆయన ఖటోదరాలో తెరిచిన తొట్లలో చేతులు ముంచి రంగు వేస్తూ పైకొచ్చిన మనిషి. పుస్తకం పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్లాడు. రంగు మంచిచెడ్డలు ట్యూబులైటు కింద చూడరు, పగటి వెలుతురులో చూస్తారు. ఎనిమిదో నంబరు పీలికను, తొమ్మిదో నంబరు పీలికను పక్కపక్కన పెట్టి బొటనవేలితో రుద్దాడు. రెండు మూడు పేజీలు అలాగే చూశాడు. ఆయనకు తెలుగు ఒక్క ముక్క రాదు, అవసరమూ పడలేదు.

“ఇది వేడి చాలని రంగు,” అన్నాడు. “ఎనిమిది మీటరు విప్పి తొమ్మిదికి పెట్టండి. అదే బట్ట, అదే రంగు, అదే బద్లీ. సాయంత్రం లోపల చూపించండి.”

చూపించారు. పీలిక ముదురు నీలంగా, మచ్చ లేకుండా వచ్చింది. నడిపినవాడు వారం కిందట వచ్చిన ఒడియా బద్లీ. ఆ ఎర్ర అంకెల మీటరును ఎనిమిదికి పెడితే, ముప్పై ఏళ్ల కారీగరు చేతిలో కూడా లాట్ వెలిసిపోయింది. ముసలాయన ఆ ఫేల్‌ను తన పేరు ఎదురుగానే రాసుకున్నాడు. నేను పక్కనే ఉండి చూశాను.

ఆ సాయంత్రం జెట్ల దగ్గరికి వెళ్లి, పదిమంది ముందు ఆయనకు క్షమాపణ చెప్పాను. “తప్పయిపోయిందన్నా” అన్నాను. ఇంకా ఏదో అనాలనుకున్నాను, ఏడుపొచ్చింది. ఆయన ఆవిరిలో కళ్లు తుడుచుకుంటూ, “గా కాయితం దీసినవా?” అని మాత్రం అడిగాడు. వెళ్లి బోర్డు మీది కాగితాన్ని నా చేత్తోనే చించాను. జిగురు గట్టిగా పూసినట్టున్నారు, పేరున్న ముక్క ఊడలేదు. తడిగుడ్డతో రుద్ది రుద్ది తీశాను. చాయ్ తాగేవాళ్లంతా చూశారు. చూడాలనే అంతసేపు రుద్దాను.

చిన్న శేఠ్ ఏమయ్యాడని మీకు అనుమానం రావచ్చు. ఏమీ కాలేదు. తొమ్మిదికి ఇంకో కొత్త మీటరు వచ్చింది, ఇంకో కొబ్బరికాయ కొట్టారు. వ్యాపారుల సభలో డేటాతో మిషను లోపాన్ని ఎలా పట్టుకున్నాడో ఆయన ప్రసంగించాడు. తెర మీద నా రెండో పట్టిక వేశాడు. మొదటి పట్టిక ప్రస్తావన రాలేదు. బద్లీలకు కార్డులు రాలేదు గానీ, నేను వేరే ఒక కాలమ్ పెట్టి వాళ్ల పేర్లు రాయడం మొదలుపెట్టాను. సూపర్‌వైజరు అది చూసి, ఆ కాలమ్‌కు ఏ రంగు వెయ్యమంటారు బెన్ అని అడిగాడు. ఏ రంగూ వద్దు, పేరు సరిగ్గా రాయి చాలు అన్నాను.

ఎనిమిది నెలలు గడిచాయి. నా చివరి రోజున అందరూ శాలువా, గోడగడియారం ఇచ్చారు. పని మానేసే మనిషికి టైము ఎందుకో నాకిప్పటికీ తెలియదు. ముసలాయన ఏమీ తేలేదు. షిఫ్టు మధ్యలో తడి చేతులతో వచ్చి, చంకలోని నోటుబుక్కు నా బల్ల మీద పెట్టాడు.

“ఒక్కటి సూసి ఇయ్యి చెల్లె. మల్ల లాట్ ఉన్నది.”

ఆయన తెరిచిన పేజీ ఆ సోమవారానిది. నీలం పీలిక కింద ఇంకో వరుస ఉంది. అక్కడ పిన్ను కొట్టింది గుడ్డ కాదు, బోర్డు మీంచి నేను చించిన కాగితం ముక్క. పక్కన ఆయన రాతలో తేదీ. మిషను దగ్గర ‘కంప్యూటర్’ అని ఉంది. నడిపినవాళ్ల దగ్గర నా పేరు, పూర్తిగా, ఇంటిపేరుతో సహా. ఆ తర్వాత ‘ఫేల్’.

దాని కింది వరుసలో ‘మల్ల రంగు’ అని ఉంది. చివర ‘పాస్’.